కొండోజి ఆర్ట్స్

హన్మకొండ చౌరస్తల
కొండోజి కాక రాయని గోడ లేకుండె.
ఎరువుల దుకాణం, పండ్ల డాక్టర్, కల్లు కాంపౌండ్,
డిపాజిట్ పోయిన అభ్యర్థి గుర్తు సుత
వాన పడితే సున్నం కిందికెల్లి
ఇంకా తొంగి సూస్తది.

తెలుగు గుండ్రంగ, ఉర్దూ కుడి దిక్కుకెల్లి,
ఇంగ్లిష్‌కైతే నీడ పెట్టి మరీ.
ఇంట్ల మాత్రం అవ్వతోని ఆరె మాట.
ఏ దండు ఎంబడి ఒచ్చిందో,
దండు పోయింది
మాట మక్కచేన్ల నిలవడ్డది.
"దీన్నెట్ల రాస్తరు కాకా?" అనడిగిన,
డబ్బాలు కడుగుకుంట.
కిరోసిన్ చేతులు తుడుసుకొని నవ్విండు:
"తిట్టనీకె, ఏడ్వనీకె.
రాయనీకె కాదు."

బడిగోడకు దేశం పటం గీసిననాడు
మనమేడికెల్లి ఒచ్చినమంటే
బ్రష్ తోకతోని పడమర గాలిని సూపెట్టిండు.

టాకీసు బ్యానర్ల హీరో మీసం ఎనిమిది ఫీట్లు.
నిచ్చెన నేనే పట్టిన.
ఒక కన్ను పెద్దగైందని
మేనేజర్ పైసలు కోసిండు.
జనం ఆ కన్నుకే ఈలలేసిండ్రు.

ఫ్లెక్స్ మిషన్ ఒచ్చినంక
లారీల ఎనుక నంబర్లు,
కాజీపేట సమాధుల మీద తారీఖులు.

మొన్న అవ్వ పోయింది.
రాయి మీద పేరు తెలుగులనే రాసి
కుంచె ఆపి శానసేపు కూసున్నడు.
ఏందో గొణిగిండు, ఆమెకు తెలిసే మాటల.
అది రాయలే.
కింద మూలకు ఎర్రచుక్క పెట్టిండు.

నలభై ఏండ్ల బోర్డులన్నిటి మీద ఉన్నదే.
నేను ఇన్నొద్దులు
కుంచె దులిపితే పడ్డ మరకనుకున్న.