లాకు

ఆరో తరగతిలో స్పెల్లింగు చెప్పించి
అర్థం అడిగారు జెసింతా టీచరు.
'పడవలు మెట్లెక్కే చోటండి' అన్నాను.
క్లాసంతా ఒకటే నవ్వు.
బోర్డు మీద తాళంకప్ప బొమ్మ గీశారావిడ.

మా ఇంట్లో తాళంకప్ప లేదు.
ఇరిగేషన్ వాళ్ళ క్వార్టరు, తలుపుకి తాడు ముక్క.
నాన్న లస్కరు.
లాకు సూరన్నంటే, ఆయ్, మా నాన్నే.

దిగువ నించి ఊక పడవ వచ్చేది.
నాన్న దూలానికి వీపు ఆనించి
కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి నడిచేవాడు.
వెనక తలుపులు మూసుకునేవి.
తూము చక్రం నాలుగు చుట్లు తిప్పితే
నీళ్ళు లోపలికొచ్చేవి, పెళ్ళివారిలా తీరిగ్గా.
'గేటు తియ్యవేం సూరన్నా!' సరంగు కేకలు.
'తియ్యడానికి నేనెవడ్ని?
అటు నీళ్ళూ ఇటు నీళ్ళూ సమానమైతే అదే వస్తది.
గడియ ఆగు.'

గడియ.
తలుపుకి పెట్టేదీ అదే, ఆగమన్నా ఆగనిదీ అదే.
ఎన్నేళ్ళకో గాని తట్టలేదు నాకు.

రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో
అట్ట ఊడిన డిక్షనరీ కొన్నాను.
ముందు వెతికింది ఆ మాటనే.
వెయ్యేళ్ళ కిందట, దొరల దేశంలో,
అడ్డుగడియ అని, మూసిన చోటు అని.
సరే, టీచరు గెలిచింది అనుకున్నాను.
దాని కిందే, అవే నాలుగక్షరాలతో,
చుట్టరికం లేని ఇంకో మాట:
వెంట్రుకల పాయ.

పుస్తకం మూసేశాను.

లాకు గట్టు మీద కూచోబెట్టి
తలకి కొబ్బరినూనె పట్టించి
అమ్మ జడ వేస్తూ చెప్పేది:
'ఇది గౌతమి, ఇది వశిష్ఠ,
నడిమిది వైనతేయ.
కదిలావంటే గండి పడుద్దే, పిల్లా!'
డిక్షనరీ రాసినాయన
మా అమ్మ చేతుల్ని చూసుంటే
ఆ రెండు మాటలకీ వియ్యం కలిపేవాడేమో.

మొన్న వెళ్ళాను.
ఊక ఇప్పుడు లారీల్లో పోతోంది.
క్వార్టర్లో తుమ్మ మొలిచింది.
నాన్న వీపు ఆనిన చోట
దూలం ఇంకా నున్నగానే ఉంది.
చక్రానికి గొలుసు, గొలుసుకి తాళంకప్ప,
అచ్చం టీచరు గీసిన బొమ్మ.
చెవి ఎవరి దగ్గరుందంటే
సెక్షనాఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తలుపుల సందులోంచి మాత్రం
సన్నగా ఒక పాయ
కారుతూనే ఉంది.