మంగళవారం, శుక్రవారం

కవిటి డయాలసిస్ సెంటర్లో నాలుగో మంచం
బర్నబా పాస్టరుగారిది.
మంగళవారం, శుక్రవారం.
ఆదివారం మాత్రం ఎడంచేతి చొక్కా
మణికట్టు దాకా దించి, బొత్తాం పెట్టుకుని
ప్రసంగానికి నిలబడతారట.

నేను ల్యాబులో ఉంటాను.
ఊరి నెత్తురు చిన్న గాజుగొట్టాల్లో నా దగ్గరికొచ్చి
అంకె అయి వెళ్తుంది.
నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే,
బీలలో, నడుం లోతు నీళ్ళలో, కాలికింద బురద జారుతుంటే.
గుడి మానేసి తొమ్మిదేళ్ళు.
ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు.
క్రియాటినిన్ ఎంత, అని అడుగుతారు.

ఎనిమిది పాయింట్ రెండు, అంటాను.
అందులో నాకు అనుమానం లేదు.
ఎందుకు ఎనిమిది అంటే,
ఢిల్లీ నుంచి వచ్చారు, ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చారు,
బోరునీళ్ళు సీసాల్లో పట్టారు
జీడితోటల మట్టి సంచుల్లో కట్టారు
మా బియ్యం, మా ఎండుచేపలు, మా గోళ్ళు పట్టుకెళ్ళారు.
కాగితాలొచ్చాయి.
ఆఖరి వాక్యంలో ఎప్పుడూ ఒక "కావచ్చు".

మా నాన్న ఆ కావచ్చులోనే పోయాడు.
ఆ రాత్రి మంచం చుట్టూ మోకరించిన సంఘం
తప్పకుండా, తప్పకుండా, అంది తెల్లవార్లూ.
ఆ మాట మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

మొన్న శుక్రవారం
సూదులు తీసి దూది అదిమాక పాస్టరుగారన్నారు:
"ముప్పై ఏళ్ళు తోమాని ఏకీసాను, బావూ,
ఏలెట్టి సూస్తేగానీ నమ్మడేటి ఈడు, అని.
ఇప్పుడు లెగవగానే నాను సేసే మొదటి పని
ఇదుగో, ఈ సేతి మీద ఏలెట్టుకోడం.
లోపల తుమ్మెద జుమ్మంటే
సర్లే, ఇయ్యాల్టికి ఉన్నాను.
పార్థన ఆ తరవాతే.
కొన్ని పొద్దులు ఏలెట్టడానికే బయిం."

కిటికీ బయట
తిత్లీకి ఒరిగిన జీడిచెట్టు
ఒరిగినట్టే పూత పట్టింది.
దానికి నేను అర్థం చెప్పను.

ఈ మంగళవారం రాగానే చెయ్యి చాపారు.
"తెల్లారగట్ట నుంచీ నాకు తెలట్లేదు.
ఏళ్ళు మొద్దుబారిపోనాయి. నువ్వు సూడు."

స్టెతస్కోపు పక్కగదిలో ఉంది.
చూపుడువేలు పెట్టాను
సూదిమచ్చలు గట్టుకట్టిన చోట.
కళ్ళు మూసుకున్నాను,
ప్రార్థనకి కాదు, తెలుస్తుందేమోనని.

ఏదో కొట్టుకుంటోంది.
ఆయన నెత్తురో
నా వేలికొసలో నాదో.

"ఉందేటి?"

ఉంది, అన్నాను.
అనేసి
స్టెతస్కోపు కోసం పరిగెత్తాను.