టైలరు సుద్ద

బూజంటే మాకు తెలిసింది వేరు.
కర్ర కొనకు గుడ్డ కట్టి దులిపితే
సాలీడుతో సహా నెత్తిన పడేది.
ఫర్వానియాలో ఈ గదికి వచ్చినాకనే తెలిసె,
గోడ లోపల్నుంచి మొలిచే బూజు కూడా ఉంటుందని.

మొదట ఇనప బీరువా వెనకాల
ఉలవగింజంత మచ్చ.
రుద్దితే పోయింది.
వేలికి తడి మిగిలింది.

కుట్టుపని దాన్ని. కొలవకుండా దేన్నీ నమ్మను.
షాపు నుంచి తెచ్చుకున్న నీలం సుద్దతో
దాని చుట్టూ గీత గీసి తేదీ వేసినా.
అక్టోబరు ఒకటి: కోటు బొత్తాం.
నవంబరు ఒకటి: నా అరచెయ్యి.
డిసెంబరులో రెండు వానలు పడినాక
టేపు పెట్టి చూస్తే
పదకొండు అంగుళాల అడ్డం, ఇరవై ఆరు పొడుగు.
ఎనిమిదేళ్ళ పిల్ల గౌను కొలతలు.
తడి గౌను తొడుక్కొని
ఎవురో గోడలో నిలబడుకున్నట్టు.

గదిలో ముగ్గురం.
రాజోలు మార్తమ్మ, బాదుల్లా కుసుమావతి, నేను.
మార్తమ్మ దగ్గు రాత్రి రెండుకు లేస్తాది.
"పక్క అటు మార్చుకోరాదా" అంటే
"ఎటు మార్చినా ఇదే గది కదండీ" అంటాది,
దగ్గులో కూడా అండీ మర్చిపోదు.

బిల్డింగు హారిస్ అబూ రజబ్ మంచోడే.
ఎప్పుడు పోయినా టీ ఇస్తాడు.
"బుక్రా" అంటాడు.
మా ఊర్లో దయ్యం తలుపు తట్టకుండా
"రేపు రా" అని గోడ మీద రాసేవాళ్ళు.
పాపం, అది రోజూ వచ్చి చదువుకొని
రోజూ తిరిగి పోయేదంట.
ఆ దయ్యం కాళ్ళ నొప్పి
నాకీ మెట్ల మీద తెలిసొచ్చె.

జనవరిలో ఒక బకెట్టు తెల్ల పెయింటుతో వచ్చినాడు.
మచ్చ మీద ఒక చెయ్యి, నా గీతల మీద ఒక చెయ్యి.
మూడు నెలల తేదీలు ఒక్క బ్రష్షుకు పోయినాయి.
"ఖలాస్" అని చేతులు తుడుచుకున్నాడు.
పన్నెండో రోజుకి
అవే భుజాలు, అదే అంచు.

ఆ రాత్రి గోడకు కటింగు కాగితం ఆనించి
బూజు ఆకారాన్ని గీసుకున్నా.
చంకల దగ్గర వంపు, కింద చిరుగుల కుచ్చు,
ఒక్క నూలు తేడా లేకుండా కత్తిరించినా.
అంచున తేదీలు మళ్ళీ రాసి
ఫిబ్రవరి అద్దె కవర్లో,
నూట పది దీనార్ల మధ్యన మడిచి పెట్టినా.
కుసుమావతి దండం పెట్టుకుంది,
"రూము పోతే నీ షాపులో పడుకుంటా" అని.

నాలుగో రోజు ఓనరే వచ్చినాడు.
ఏడేళ్ళలో ఆయన ముఖం చూసింది అదే.
ముసలాయన. మోకాలు పట్టుకొని మూడంతస్తులు ఎక్కినాడు.
జేబులోంచి కాగితం తీసి విప్పి
తన చేతుల్తోనే గోడ మీద పెట్టి చూసినాడు.
కాగితం చాల్లేదు.
నాలుగు పక్కలా రెండేళ్ళు బయటికి పెరిగి ఉండాది.
ఏమీ అన్లేదు.
అబూ రజబ్ నేల చూసినాడు.

మర్నాడే ప్లంబరు. టైల్సు పగలగొట్టె.
పైపు కీలు దగ్గర
గట్టిగా చుట్టి ముడేసిన గుడ్డ పీలిక.
చూస్తే చీర అంచు. మెరూన్ మీద పసుపు గళ్ళు.
మాకు ముందు ఎవతో
బుక్రాలు లెక్కబెట్టి విసుగెత్తి
కట్టుకున్న చీర చించి ఉంటాది.
అడిగితే అబూ రజబ్‌కు పేరు గుర్తు లేదు.
"చాన్నాళ్ళ కిందట. వెళ్ళిపోయింది."

కొత్త గోడకు పై నెల నుంచి ఐదు దీనార్లు ఎక్కువ.
కాగితం మాత్రం ఓనరు తిరిగియ్యలే.
మార్తమ్మ ఇప్పుడు కూడా రెండుకే లేస్తాది,
దగ్గు లేకపోయినా.

పీలిక పారెయ్యబుద్ధి కాలే.
సబ్బుతో ఉతికి కిటికీ చువ్వకు కట్టినా.
ఎన్నేళ్ళు నానిందో గానీ
కువైట్ ఎండకు
గంటలో ఆరె.