జీను గొడ్డలి

ఆర్మూరు దిక్కు మా ఊరి చెల్కలల్ల
నాగలి పోయిన చోటల్లా చిట్టెం తేలుతది.
నల్లగ, బుడగలు బుడగలుగ,
మాడిన బెల్లం ముద్ద లెక్క.
ఎవల కొలిమిదో, ఎన్ని తరాల కిందిదో
పసుపు తవ్వే ఆడోళ్లకు ఎర్కలేదు.
కాలికి గుచ్చుకుంటె గట్టు మీదికి ఇసిరేస్తరు.

మా బాపు ఓదెలాచారి మాత్రం
ఒక్కో గడ్డను ఏరి, మన్ను ఊది,
చెవికాడ పెట్టుకొని గోటితోని కొట్టి ఇనేటోడు.
ఏం ఇనవడ్తదో నాకు చెప్పలే.

నాకు తొమ్మిదేండ్లు. తిత్తి నా వంతు.
పీర్ల పండుగ నెల పొడిచిన తెల్లారి
బుర్హాన్ షా వచ్చిండు, భుజమ్మీద గొడ్డలి.
కట్టెలు కొట్టే గొడ్డలి కాదు,
రాత్రి చూసిన సన్నటి చంద్రుణ్నే
కట్టెకు గుచ్చినట్టుంది.
రేకు మీద తీగెలల్లిన రాతలు,
సగం అరిగి, సగం మసి.
చదువొస్తదా అంటె నవ్విండు:
"మా తాతకూ రాదు బిడ్డా."

"తబర్జీన్" అన్నడు దాని పేరు.
బాపుకు నవ్వాగలే.
"గుర్రానికి జీనుంటది గని
గొడ్డలికి జీనేంది సాయెబూ?"
జీనుకు వేలాడేదట ఒకప్పుడు,
ఈరాన్ల, సర్దార్ల గుర్రాలకు.
గుర్రం పోయింది. సర్దారు పోయిండు.
జీను ఒక్కటి పేర్ల ఇరుక్కొని మిగిలింది.

కామ పలిగింది, కొత్తది ఎయ్యాలె, గంతే పని.
"పదును ముట్టకు" అని
రెండుసార్లు చెప్పి పోయిండు.

సండ్ర కర్ర చెక్కి కామ ఎక్కించినంక
మసి పోవాలని బాపు నిమ్మచెక్కతోని రుద్దితె
రేకుల నుంచి నీళ్లు లేచినయి.
నీళ్లే. వాగు ఎండినంక ఇసుకల మిగిలే అలలు,
ఇనుము లోపట, తడి లేకుంట.
బాపు చెయ్యి ఆగింది.
గూట్లెకెల్లి చిట్టెం గడ్డ తెచ్చి పక్కన పెట్టిండు,
ఇద్దరన్నదమ్ముల మొఖాలు పోల్చినట్టు
అటోపాలి, ఇటోపాలి చూసిండు.

"మన్ను మూసల ఇనుము పెట్టి,
తంగేడాకు కప్పి, మూతి మూసి,
రాత్రీ పగలూ ఊదేటోళ్లట మనోళ్లు.
ఆ ఉక్కు కోసం ఈరాన్ నుంచి నడిచొచ్చేటోళ్లట.
ఇది గదేనా? ఏమో.
ఇనుముకు ఇంటిపేరు ఉండదు."
అన్నడే గని, ఆ రాత్రి పండుకోలే.

పొద్దుగాల చూస్తె
రేకు కింది కొసకు ఒక్క బెత్తెడు పదును.
ఎంటికె పడితె తెగుతది.
కమ్మరోని చేతికొచ్చిన ఉక్కు
మొండిగ ఎట్ల పోతదని
ఎవలూ అడగకముందే నాతోని కొట్లాడిండు.

బుర్హాన్ షా బొటనేలు జరిపి చూసిండు.
గురిగింజంత నెత్తురు.
కోపం చెయ్యలే. కొలిమి ముందట కూలవడ్డడు.
"జరమొచ్చిన పోరగాండ్ల నొసటికి
దీన్నే ఆనిస్త చారీ.
సల్లగుంటదని తల్లులు ఎత్తుకొని ఉరుకొస్తరు.
ఇప్పుడెట్ల ఆనియ్యాలె?"

బాపు పదును పెట్టుడు ఊరంత చూసింది.
కొడవండ్లు, కర్రులు, గీత కత్తులు.
మొండి చేసుడు నేనొక్కదాన్నే చూసిన.
దీపం పట్టింది నేనే.
ఆకురాయి జారుతుంది, ఉక్కు ఒప్పుకోదు.
పెట్టినప్పుడు పట్టిన పొద్దుకు
తీసెటప్పుడు మూడింతలు పట్టింది.
ఒక్క అచ్చరం కాడ చెయ్యి మెల్లగయ్యేది,
నిద్రపోయే పిల్ల పక్కన పని చేస్తున్నట్టు.
మధ్యల ఒకసారి తిట్టిండు,
నన్నో, సాయెబునో, తననో.

కోడి కూసెటాల్లకు
ముందుగాల నా నొసటికే ఆనిచ్చి చూసిండు.
"తెగిందా?"
"లేదు."
"సక్కగ చెప్పు."

కామకు కూలి తీసుకున్నడు.
మొండి చేసినందుకు తీసుకోలే.

ఇప్పుడు మెట్‌పల్లి రోడ్డుల నాది వెల్డింగు షాపు.
గేట్లు, కిటికీ జాలీలు, ట్రాలీ కొక్కేలు.
మొన్న ఒక పోరడొచ్చి
ఊరేగింపుల పట్టుకోను కత్తి కావాలన్నడు.
పదును ఎంత పెట్టాలె అంటె
"మస్తు" అన్నడు, నవ్వుకుంట.

రేపు రా అన్న.
రేపొస్తె
ఎల్లుండి రా అంట.