బల్ల మీద చలికాలం

సెప్టెంబరు మూడోవారం. మానియోటోటో మైదానం.
ఉన్ని షెడ్డులో ఒక పాత తలుపుని
రెండు పీపాల మీద పరిచి బల్ల చేశాం.
దాని మీద తొమ్మిది పిల్లలు,
ఒకే రాత్రి పుట్టినవి, తెల్లారకముందే పోయినవి.
తలుపుకి ఇంకా గొళ్ళెం వేలాడుతోంది.

మరామా తొడుగులేసుకుని
ముందు గిట్టలు చూసింది.
పుట్టేటప్పుడు ప్రతి గిట్టకీ మెత్తటి పసుపు పొర ఉంటుందట,
తల్లి లోపలి గోడ గీరుకోకుండా.
నాలుగడుగులు వేస్తే చాలు, అరిగిపోతుందట.
"ఇది నడవలేదు.
ఇదీ నడవలేదు.
ఇది లేచింది... రెండడుగులు, మహా అయితే మూడు."
ఆ పొరని వేలితో ముట్టాను.
నానిన చిక్కుడుగింజ పొట్టులా ఉంది.

ఊపిరితిత్తి ముక్క కోసి బకెట్ నీళ్ళలో వేసింది.
తేలింది.
ఇంకోటి. తేలింది.
ఐదోది రాయిలా అడుక్కి పోయింది.
భూమ్మీదికి వచ్చి కూడా ఒక్క గుక్క గాలి తాగలేదది.

తర్వాత మూత్రపిండాలు.
వాటి చుట్టూ ముదురురంగు కొవ్వు.
పిల్ల ప్రయాణానికి తల్లి కట్టిచ్చే సద్దిమూట,
పాలు నోటికందేదాకా లోపల రాజుకోవాల్సిన కుంపటి.
ఖాళీగా ఉంటుందనుకున్నాను.
కట్టిన మూట కట్టినట్టే ఉంది.
"ఆకలికి పోలేదివి," అంది మరామా,
"చలికి పోయాయి. బొగ్గులున్నాయి, రగిలించే చెయ్యి లేదు."

అప్పుడు గొంతు కోసింది.
చిక్కుడుగింజంత ఉండాల్సిన థైరాయిడ్
చెరోవైపూ అక్రోటు కాయంత.
మా వంటింటి తక్కెడలోనే తూచి
పిండి సంచీ వెనక అంకెలు రాసుకుంది.
"జూన్, జులైల్లో తల్లులకేం పెట్టారు?"

"కేల్," అన్నాడు లాక్లన్.
నా తమ్ముడి గొంతులో ఇంకా కాస్త గర్వం.
ఎండకి గడ్డి మాడిన ఏడాది
మోకాలెత్తు కేల్ పండించి
రెండు నెలలు ఒక్క గొర్రెనీ పస్తు పెట్టలేదు వాడు.
మరామా నెమ్మదిగా చెప్పింది:
ఆ ఆకు అయోడిన్‌కి అడ్డం పడుతుంది,
మన నేలలో అదెలాగూ అంతంత మాత్రం,
సముద్రం కొండల అవతలెక్కడో ఉండిపోయింది.
తల్లులు తట్టుకున్నాయి. లోపలివి తట్టుకోలేదు.
కడుపునిండా పెట్టాం. కడుపులో ఉన్నదాన్ని అడగలేదు.

కొండవాలు మంద సంగతి వేరు.
జులైలో ఉన్ని కత్తిరించేవాళ్ళు
తేదీ తప్పు రాసుకుని ముందే వచ్చేశారు.
నేను ఇంటికి చేరేసరికి
నూట నలభై చూలు గొర్రెలు బోడిగా నిలబడి ఉన్నాయి,
మంచు పడుతోంది.
ఆ కంట్రాక్టరుని నేనన్న మాటలు ఇక్కడ రాయను.
వాటిని పైన్ చెట్ల చాటుకి తోలి
దాచుకున్న ఎండుగడ్డంతా అక్కడే పోశాం.
అవి వణికాయి, తిన్నాయి. వణికాయి, తిన్నాయి.
మొన్న వాటి పిల్లలు
మంచులోనే పడి, మంచులోనే లేచి,
పొదుగుని తలతో కుమ్మాయి.

"తల్లి వణికితే లోపలికి కబురెళ్తుంది," అంది మరామా,
"బయట చలి, సిద్ధంగా ఉండమని."
కడుపు చల్లగా ఉండాలన్న దీవెన
ఎండ దేశాల్లో పుట్టి ఉంటుంది.
ఇక్కడ పొరపాటున చేసిన కీడు మేలయింది,
చూసి చూసి చేసిన మేలు
ఈ తలుపు మీద వరసగా పడుకుంది.

లాక్లన్ ఏమీ అనలేదు.
బకెట్ బయటికి తీసుకెళ్ళి
చాలాసేపు తిరిగి రాలేదు.
కంచె అవతల తల్లులు అరుస్తూనే ఉన్నాయి,
పాలు కారి వెనక కాళ్ళు తడిసి.

పదోది బతికే ఉంది. చెప్పడం మరిచాను.
మెడ కింద వాపుతో, వంటింట్లో పొయ్యి పక్కన,
ఆపిల్ పండ్ల పెట్టెలో.
మరామా మందిచ్చి, మాటివ్వకుండా వెళ్ళిపోయింది.
రెండుసార్లు లేచి పాలు పట్టాను.
మూడోసారి నిద్ర పట్టేసింది.

తెల్లారి చూస్తే పెట్టె పక్కకి ఒరిగి ఉంది.
నేల మీద, బల్లకీ తలుపుకీ మధ్య,
పసుపు పొర తునక ఒకటి.
ఇంకాస్త దూరంలో ఇంకోటి.

ఇల్లంతా ఊడ్చాను.
వాటి చుట్టూ ఊడ్చాను.