నాలుగో అంతస్తు

మోంటెవిదేవోలో ఓడల బీమా ఆఫీసు మూసేశారు.
లిఫ్టు ఎప్పుడో చచ్చింది.
బల్లలు మెట్లమీద ఆయాసపడుతూ దిగాయి.

చెత్తగుట్టకేగా, అన్నాడు లారీవాడు.
వడ్రంగి విల్మార్ బదులివ్వలేదు.
స్క్రూడ్రైవర్ తీసి
చెక్కను చెక్కగా, ఇనుమును ఇనుముగా విడదీశాడు,
అన్నదమ్ముల పంపకంలా,
కాకపోతే అరుపుల్లేవు.
కుర్చీల చక్రాలన్నీ ఒక బకెట్లో.
నురుగుదిండ్లు ఎవరికీ అక్కర్లేదు,
వీధికుక్కల పడకకని మూటకట్టాడు.

పద్దుల గుమాస్తా నేలిదా
తన బల్ల దగ్గర ఆగిపోయింది.
తిరగేస్తే అడుగున
ఇరవై రెండేళ్ల చూయింగ్ గమ్ములు,
ఎండి, నత్తల్లా.
సిగ్గుతో మొహం తిప్పుకుంది.

అతను ఉలితో ఒక్కొక్కటే గీకాడు.
ఒకటి వదిలేశాడు.

"బడికి పోతుందిది.
పాఠం రాని పిల్లెవరో
కింద చెయ్యిపెట్టి తడుముతుంది.
ఏదో ఒకటి తగలాలిగా."