వేలం పాట

తెలుగులో వేలాన్ని పాట అంటామంటే
ఎనిడ్ ఓల్డ్‌రాయిడ్ నమ్మలేదు.
"నిజంగా పాడతారా? రాగం తీసి?"
లేదు, అంకెలే చెబుతారు, గట్టిగా.
అయినా పాటే అంటాం.
ఎందుకో నాకూ తెలియదు.

ఆ బుధవారం ఫెదర్‌స్టోన్‌లో వాన.
స్టాండు కింద లాండ్రీ గదిలో
ఆమె పదిహేడు జెర్సీలు మడత పెడుతోంది,
నేను పక్క బల్ల మీద
టోబీ స్పింక్ మోకాలికి టేపు చుడుతున్నాను.
టోబీ పగలు కుళాయిలు బిగిస్తాడు,
సాయంత్రం మనుషుల్ని పడగొడతాడు.
రేడియోలో లండన్.
అక్కడొక గాజు గది, రెండు చానళ్ళు,
ఒక సీలు కవరు,
అది తెరిచాక బరువు పెరిగిన ఇంకో కవరు.
ఈసారి చిన్న జట్లను కూడా కలిపి కొంటున్నారట,
కూరగాయల మీద కొత్తిమీరలా.

"ఐదేళ్ళ ప్రసార హక్కులు" అంది రేడియో.
"అబ్బా" అన్నాడు టోబీ.
ఎక్కువ బిగించానా?
కాదన్నాడు.

చీరాలలో మా మేనత్త చీటీలు నడిపేది.
ఇరవై మంది, నెలకో పాట,
వరండాలో చాప, స్టీలు గ్లాసుల్లో టీ.
అందరికన్నా అవసరం ఉన్నవాడే
అందరికన్నా ఎక్కువ పాడేవాడు,
అంటే తన డబ్బు తనే ఎక్కువ పోగొట్టుకునేవాడు.
మిగతావాళ్ళు ఆ తరుగు పంచుకుని
టీ బాగుందనేవాళ్ళు.
అది అన్యాయమే, కానీ
పాడేవాడు చాప మీద మన ఎదురుగా ఉండేవాడు,
అతని గొంతు వణకడం వినిపించేది.

ఇక్కడ అవసరమున్నవాడు నా బల్ల మీద పడుకున్నాడు.
పాడుతున్నవాళ్ళకి
ఇతని మోకాలు ఎడమదో కుడిదో తెలియదు.

ఈ ఆటలో నాకు నచ్చిన నియమం ఒకటుంది.
బంతి ఉన్నవాణ్ణి ఆరుసార్లు పడగొడితే చాలు,
బంతి అవతలివాళ్ళది.
కబడ్డీలో కూత ఆగినట్టే,
ఎంతటివాడికైనా ఒక ఊపిరే.
గాజు గదిలో ఆరో పట్టు లేదు.
పడతారు, లేస్తారు, పడతారు, లేస్తారు,
బంతి మాత్రం వదలరు.

అబద్ధమెందుకు, గెలిచిన చానల్ డబ్బులోంచే
నా జీతం వస్తోంది, టేపు వస్తోంది.
స్నానాల గదిలో ఇప్పుడు వేణ్ణీళ్ళు వస్తున్నాయి.
తర్వాత ఒక ఉత్తరం కూడా వచ్చింది:
వీపు మీద అంకెలు కెమెరాకి సరిగా కనబడటం లేదు, మార్చండి.
ఎనిడ్ పదిహేడు వీపులూ కుట్లు విప్పి
తెల్ల అంకెలు మళ్ళీ కుట్టింది.
పదమూడు కుడుతుంటే సూది దిగింది.
"లండన్‌కి పంపనా రక్తం?" అంది.

ఆదివారం మూడింటి ఆట
గురువారం రాత్రి ఎనిమిదికి పోయింది.
ఎనిడ్ అన్న విల్ఫ్‌ది హెమ్స్‌వర్త్,
బొగ్గు గని మూసేదాకా కిందే ఉన్నవాడు.
ఆఖరి బస్సు తొమ్మిదీ ముప్పై అయిదు.
ఆట అయ్యేది తొమ్మిదీ నలభై అయిదు.
తన కమ్మీ దగ్గర డెబ్భయ్యో నిమిషం దాకా నిలబడి
టోపీ సర్దుకుని
కాళ్ళు తొక్కకుండా మెల్లగా బయటికి నడుస్తాడు.

టీవీలో చూడొచ్చు కదా అన్నాను ఒకసారి.
నెలకెంతో చెప్పాడు.
నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నిన్న ఆటలో టోబీ మోకాలు తిరిగింది.
నేను సంచి పట్టుకుని పరిగెత్తాను.
గడ్డిలో మోకరిల్లి పైకి చూస్తే
భుజం మీదుగా కెమెరా కన్ను,
దగ్గరికి, ఇంకా దగ్గరికి.
"మొహం తీయొద్దని చెప్పు" అన్నాడు టోబీ.
ఎవరికి చెప్పాలి?
నా వీపు అడ్డం పెట్టాను.
దాని మీద ఏ అంకే లేదు.

అప్పుడే అవతలి మూల మనవాళ్ళు గీత దాటినట్టున్నారు,
స్టాండంతా ఒక్కసారి అరిచింది.
ఆ అరుపు గోడ దాటి, వానలో రోడ్డు దాటి
స్టాపులో ఆగి ఉన్న బస్సు దాకా పోయిందట.
డ్రైవర్ తలుపు మూయబోయి ఆగాడట.
స్కోరెంతో విల్ఫ్ అడగలేదు.
కిటికీ కొంచెం దించి
తల అటు తిప్పి కూర్చున్నాడు.